పిడి లేని గిన్నె, పట్టకార

పోయిన వేసవిలో కాకినాడలో మా అమ్మ ఉంటున్న ఇల్లు ఖాళీ చేసి, ఆవిణ్ణి హైదరాబాదులో మా రెండు గదుల ఫ్లాటుకు తెచ్చుకున్నాం. మంచాలూ బీరువాలూ ఒక్క పూటలో తేలిపోయాయి. వంటింటికి మాత్రం మూడు రోజులు పట్టింది. అటక మీంచి దించిన సామాను హాల్లో పరిస్తే కాలు పెట్టే సందు లేదు. ఇత్తడి గుండిగలు నాలుగు, రాచ్చిప్ప, జంతికల గొట్టాలు రెండు, అరిసెల చెక్కలు, గవ్వల చెక్క, కుక్కర్లు మూడు (ఒకదానికి మూత లేదు), ఎవరో పెళ్ళిరోజుకి ఇచ్చిన శాండ్‌విచ్ టోస్టరు, దాని పెట్టె ఇంకా విప్పనే లేదు.

మా హైదరాబాదు వంటిల్లు ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. గ్రానైటు గట్టు మీద స్టవ్వూ సింకూ పోను మిగిలేది రెండున్నర అడుగులు.

"ఏవి పట్టికెళ్దామమ్మా?" అన్నాను.

"అన్నీ పనికొచ్చేవేనే" అంది.

నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. పనికిరానివి తీసెయ్యడానికి ఎవరి సలహా అక్కర్లేదు. పనికొచ్చేవాటిలోంచి ఏరుకోవడమే కష్టం. ఆ మూడు రోజులూ మేమిద్దరం వాదించుకుంటూ, అలుగుతూ, మధ్యమధ్య కాఫీలు తాగుతూ ఏరిన పద్ధతి ఇది. చిన్న ఇంట్లో కాపురం పెట్టేవాళ్ళకీ, పెద్ద ఇంట్లోంచి చిన్న ఇంట్లోకి మారేవాళ్ళకీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు అద్దె లెక్క. ఆరు వందల చదరపు అడుగుల ఫ్లాటుకు నెలకు 18,000 రూపాయల అద్దె అనుకుందాం. అంటే చదరపు అడుగుకు 30 రూపాయలు. మైక్రోవేవ్ ఓవెను కూర్చోవడానికీ, దాని వెనకా పక్కలా గాలి ఆడడానికీ కలిపి మూడు చదరపు అడుగులు కావాలి. నెలకు 90, ఏడాదికి 1,080 రూపాయలు. అది రోజూ అన్నమో కూరో వేడి చేసిపెడుతుంటే ఆ అద్దె దండగేమీ కాదు. నెలకోసారి అప్పడాలు కాల్చుకోవడానికైతే ఒక్కొక్క విడతా 90 రూపాయల అప్పడాలు తింటున్నట్టు, కరెంటు కాకుండా.

కానీ ఈ లెక్క పూర్తి నిజం చెప్పదు. వంటింట్లో చదరపు అడుగులన్నీ ఒక్క ధర కావు. గట్టు మెయిన్ రోడ్డు మీద కొట్టులాంటిది. నడుము ఎత్తు నుంచి కంటి ఎత్తు దాకా ఉన్న అరలు ఆ పక్క వీధి. గట్టు కింద, వంగి తీసుకోవలసిన చోటు ఊరి చివర. అటక ఊరవతల పొలం. పొలంలో ఉండాల్సిన వస్తువు మెయిన్ రోడ్డు మీద కూర్చుంటే, రోజూ వాడే పోపుల డబ్బాకు చోటుండదు. అందుకని ఉంచాలా తీసెయ్యాలా అని అడగడానికి ముందు ఎక్కడ ఉంచాలి అని అడగడం మంచిది. సగం తగవులు అక్కడే తీరిపోతాయి.

రెండోది కడుగుడు లెక్క. కొట్టువాడు వస్తువు చేసే పనిని చూపిస్తాడు, కడిగే పనిని చూపించడు. చేతి కోతకు ఉల్లిపాయలు ఐదు నిమిషాలు, చాపర్లో అర నిమిషం. నాలుగున్నర నిమిషాలు మిగిలాయని సంబరపడతాం. తర్వాత గిన్నె, మూత, బ్లేడు, మూత అంచున ఉండే రబ్బరు వేరువేరుగా కడిగి, బ్లేడు వేలికి తగలకుండా తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ అమర్చి పైన పెట్టేసరికి ఆ నాలుగున్నర నిమిషాలూ తిరిగి కట్టేస్తాం. పది మందికి వండే ఇంట్లో చాపరు లాభమే, ఎందుకంటే కోత పెరిగినా కడుగుడు పెరగదు. ముగ్గురికి వండే ఇంట్లో కత్తీ చెక్కా చాలు. ఏ వస్తువుకైనా ఎన్ని విడిభాగాలున్నాయో కొనేముందే లెక్కపెట్టుకోండి. నాలుగు దాటితే అది అటకెక్కే వస్తువేనని నా అనుభవం.

ఇక ఎక్కడ చూసినా కనిపించే సలహా ఒకటుంది. మూడు నెలలు ముట్టుకోని వస్తువు తీసెయ్యమంటారు. ఇది సంక్రాంతి లేని ఊళ్ళో పుట్టిన సలహా. మన వంటింటికి ఏడాది చక్రం ఉంది. వేసవిలో ఆవకాయ జాడీలు, వడియాలకు పెద్ద గిన్నె, వానాకాలం శ్రావణ శుక్రవారాలకు పూర్ణాలు వేయించే మూకుడు, పుష్యమాసంలో అరిసెల చెక్కలు. మూడు నెలల కొలతతో చూస్తే ఇవన్నీ పనికిరానివే. అందుకే ఉగాది నుంచి ఉగాది దాకా చూడాలి. వంటింటి గోడకు వేలాడే కాలెండరు మీద, అటక నుంచి ఏదైనా దించిన రోజున దాని పేరు రాసుకోండి. ఏడాది తిరిగాక పన్నెండు కాగితాలూ తిప్పితే మీ ఇంటి వంట చరిత్ర మీకే తెలుస్తుంది. మేం ఆ పని ముందుగా చెయ్యలేదు కాబట్టి అమ్మ జ్ఞాపకాన్నే కాలెండరుగా వాడుకున్నాం. "ఇది చివరిసారి ఎప్పుడు దించావు?" అంటే, "చిన్నోడి బారసాలకి" అనేది. ఆ చిన్నోడు ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు.

వస్తువుల్ని పేరు చూసి కాకుండా లోపల ఏముందో చూసి జతకట్టడం తర్వాతి మెట్టు. ఓటీజీ, ఎయిర్ ఫ్రయ్యరు, కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవు అని మూడు పేర్లు. కానీ ఎయిర్ ఫ్రయ్యరంటే వేడి గాలిని ఫ్యానుతో గట్టిగా తిప్పే చిన్న ఓవెనే. నూనెలో వేయించదు, గాలిలో కాలుస్తుంది. వేడిపెట్టె ఇప్పటికే ఇంట్లో ఉంటే రెండోది ఎందుకు? అలాగే మిక్సీ, జ్యూసరు, హ్యాండ్ బ్లెండరు, చాపరు, ఫుడ్ ప్రాసెసరు. అన్నింట్లోనూ ఒక మోటారు, ఒక బ్లేడు. మూడు జార్ల మిక్సీ ఉంటే మిగతావాటిలో చాలా మటుకు దాని చుట్టాలే.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, చాలామంది పట్టించుకోరు. మామూలు ఆరు ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల దగ్గర 1,380 వాట్ల వరకే మోస్తుంది. మిక్సీ 500 నుంచి 750 వాట్లు, టేబుల్ మీద పెట్టుకునే గ్రైండరు అంతకన్నా చాలా తక్కువ, వాటికి బాధ లేదు. ఇండక్షన్ స్టవ్వు 2,000 వాట్ల దాకా లాగుతుంది. ఓటీజీ, కెటిలు, ఎయిర్ ఫ్రయ్యరు 1,500 అటూఇటూ. వీటికి పదహారు ఆంపియర్ల పెద్ద సాకెట్టు కావాలి. చిన్న వంటిళ్ళలో అది ఒకటే ఉంటుంది, కొన్నిటిలో అదీ ఫ్రిజ్జుకు పోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి లాగితే ప్లగ్గు కరగడం, వాసన రావడం దగ్గర మొదలై ఎక్కడికైనా పోవచ్చు. కాబట్టి ఎన్ని పెద్ద సాకెట్లు ఉన్నాయో, వేడి చేసే కరెంటు వస్తువులు అన్నే ఉండాలి. మా ఇంట్లో ఒక్కటే. దాన్ని ఇండక్షన్ స్టవ్వుకు ఇచ్చాం, గ్యాసు అయిపోయిన రోజున అదే దిక్కు.

ఇండక్షన్‌కి ఏ గిన్నెలు పనికొస్తాయో తెలుసుకోవడానికి ఫ్రిజ్జు తలుపు మీది అయస్కాంతం బొమ్మ చాలు. గిన్నె అడుక్కి అది గట్టిగా అతుక్కుంటే పనిచేస్తుంది. ఇనప పెనం అతుక్కుంటుంది. అల్యూమినియం, ఇత్తడి, రాగి అతుక్కోవు. స్టీల్లో అన్నీ ఒకలాంటివి కావు, కొన్ని మంచి రకం స్టీలు గిన్నెలకే అయస్కాంతం అంటదు. కొత్త గిన్నె కొనడానికి వెళ్ళేటప్పుడు ఆ బొమ్మను పర్సులో వేసుకెళ్ళండి.

గ్రైండరా మిక్సీయా అన్నది తెలుగిళ్ళలో పెద్ద పంచాయితీ. మా అమ్మకు రెండు లీటర్ల టిల్టింగ్ గ్రైండరుంది. పన్నెండు కిలోలు పైనే తూగుతుంది. దాన్ని వదలనంది. రెండూ చేసే పని ఏమిటో చూస్తే తప్ప ఈ తగవు తేలదు.

మిక్సీ కోస్తుంది. రాయి నలుపుతుంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ పప్పును ముక్కలు ముక్కలుగా నరుకుతుంది, ఆ వేగానికి పిండి వేడెక్కుతుంది. గ్రైండరు రాళ్ళు తీరిగ్గా తిరుగుతూ పప్పును రెండు రాళ్ళ మధ్య రాపాడిస్తాయి, పిండి చల్లగా ఉంటుంది, ఆ తిరుగుడులో గాలి కలిసి నురుగులా పొంగుతుంది. మినప్పప్పులో ఒక జిగురుంది. పిండి పులిసేటప్పుడు పుట్టే వాయువును ఆ జిగురే బుడగలుగా పట్టి ఉంచుతుంది. పులియబెట్టే సూక్ష్మజీవుల్లో ముఖ్యమైనది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్. దాన్ని ఎవరూ తెచ్చి వెయ్యరు, పప్పుతోపాటే వస్తుంది. పిండి బాగా వేడెక్కితే దానికీ దెబ్బే, గాలి తక్కువ కలిస్తే బుడగలకూ లోటే. అందుకే గ్రైండరు పిండి ఇడ్లీ దూదిలా ఉంటుంది, మిక్సీ పిండి ఇడ్లీ ఒక్కోసారి గట్టిపడుతుంది.

ఇంతవరకూ అమ్మదే గెలుపు. అయితే మన ఇడ్లీకి ఒక వెసులుబాటుంది. తమిళుల్లా మనం బియ్యం కూడా రుబ్బం, ఇడ్లీరవ్వ కలుపుతాం. రుబ్బవలసింది మినప్పప్పు ఒక్కటే. ముగ్గురికి వారానికోసారి ఒక గిన్నెడు పప్పు. ఆ కాస్తా మిక్సీలో చల్లటి నీళ్ళు, నాలుగు ఐసు ముక్కలు వేసి, ఒక్కసారే తిప్పెయ్యకుండా ఆపి ఆపి రుబ్బి, చివర చేత్తో బాగా గిలక్కొడితే పిండి తేలికగానే వస్తుంది. నీటి గిన్నెలో చుక్క పిండి వేస్తే తేలాలి, అదే పరీక్ష. పెసరట్టుకైతే ఆ బాధా లేదు, దానికి పులియడమే అక్కర్లేదు. ఐదారుగురున్న ఇల్లు, వారానికి మూడుసార్లు ఇడ్లీయో దోసెలో గారెలో అయితే గ్రైండరు గట్టు మీద దర్జాగా కూర్చోవచ్చు, అద్దె కడుతుంది. మాకు కట్టదు. పైగా పన్నెండు కిలోల వస్తువును రోజూ దించి ఎక్కించే ఓపిక డెబ్భై ఏళ్ళ చేతులకు లేదు, నా నడుముకూ లేదు. అది మా చిన్నాన్నగారింటికి వెళ్ళింది. అక్కడ ఏడుగురు.

మిక్సీ ఓడిపోయే చోటు పచ్చడి. రోట్లో నూరిన గోంగూరలో ఆకు ఆకుగా తెలుస్తుంది, మిరపకాయ గింజ పంటికి తగులుతుంది. మిక్సీ ఒక్క చుట్టు ఎక్కువ తిరిగితే అంతా ముద్దే. పెద్ద రోలు ఫ్లాటులోకి రాదు, వచ్చినా కింది ఇంటివాళ్ళు ఊరుకోరు. జానెడు రాతి రోలు మాత్రం ఒకటి కిటికీ గట్టు మీద పెట్టుకున్నాం. అల్లం, వెల్లుల్లి, యాలకులు, రెండు ముద్దల పచ్చడి దాన్లోనే. కడగడానికి ఒక చెంబుడు నీళ్ళు. చిన్న జారు తీసి బిగించి కడిగి ఆరబెట్టడం తప్పింది.

కుక్కర్ల మీద మాకు పెద్దగా పేచీ రాలేదు. హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ తెరిచిన గిన్నెలో నీళ్ళు 98 డిగ్రీలకే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా ఆ పైకి పోవు. కుక్కరు లోపల ఆవిరి ఒత్తిడికి అవే నీళ్ళు 120 డిగ్రీల దాకా వెళ్తాయి. కందిపప్పు త్వరగా మెత్తబడడంలో రహస్యం అంతే. 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన లండన్‌లో ఎముకలు మెత్తబరచడానికి చేసి చూపించిన పాత్రకి మనవరాలు మన కుక్కరు. కాబట్టి కుక్కరు ఉండాల్సిందే. ఎన్ని అన్నదే ప్రశ్న. ముగ్గురికి ఐదు లీటర్లది ఒకటి: అడుగున పప్పు, పైన అన్నం, ఆపైన కూరగాయ, లోపలి గిన్నెలతో ఒకే మంట మీద మూడూ అవుతాయి. వెయిట్ తీసేసి ఇడ్లీ స్టాండు పెడితే ఇడ్లీ పాత్ర అదే, విడిగా కొనక్కర్లేదు. రెండు లీటర్లది ఇంకొకటి చాలు. పప్పులు నురుగు కడతాయి కాబట్టి నేరుగా కుక్కర్లో వేస్తే సగానికి మించి నింపకూడదు, మిగతావి మూడింట రెండొంతులు. పాత కుక్కరు ఉంచుకోవాలా అన్న దానికి ఒకటే పరీక్ష: దాని గ్యాస్కెట్టూ సేఫ్టీ వాల్వూ బజార్లో ఇప్పటికీ దొరుకుతున్నాయా? దొరికితే ఆ రెండూ మార్చి మరో పదేళ్ళు వాడుకోవచ్చు. దొరక్కపోతే ఎంత మెరుస్తున్నా వద్దు. కొత్తది కొంటే ఐఎస్‌ఐ గుర్తు చూడండి, కుక్కర్లకు ఇప్పుడది తప్పనిసరి.

మూకుళ్ళూ పెనాలూ దగ్గరకొచ్చేసరికి లోహం చూడాలి. ఇనప పెనం మీద నూనె పట్టి కాగి కాగి ఒక నల్లటి పొర ఏర్పడుతుంది, దోసె అంటుకోకుండా లేచేది ఆ పొర వల్లే. సబ్బు పెట్టి పీచుతో తోమేస్తే పోతుంది, చింతపండు పులుసు కాచినా పోతుంది. కాబట్టి పెనం దోసెలకూ రొట్టెలకూ, ఇనప మూకుడు వేపుళ్ళకూ నూనె వంటలకూ. పులుసులు స్టీలు గిన్నెలోనో రాచ్చిప్పలోనో కాయాలి. నాన్‌స్టిక్ పెనం తేలిక, నూనె తక్కువ. కాని దాని పూత 260 డిగ్రీలు దాటితే చెడి పొగలు విడుస్తుంది. ఖాళీ పెనం పెద్ద మంట మీద పెట్టి ఫోను మాట్లాడుతూ ఉంటే ఆ వేడి రావడానికి కొద్ది నిమిషాలు చాలు. ఇనప అట్లకాడ తగిలితే గీతలు, గీతలు పడితే అంటుకోవడం. రెండు మూడేళ్ళకోసారి మార్చే ఓపిక ఉన్నవాళ్ళకు సరే. మా ఇంట్లో అమ్మ పెళ్ళినాటి ఇనప పెనం ఉంది, అదే ఉంచాం.

ఇత్తడి గుండిగల దగ్గర మాత్రం అమ్మ కళ్ళు చెమర్చాయి. ఇత్తడిలో పులుపు వండితే రాగి దిగుతుంది, అందుకే లోపల తగరంతో కళాయి పూస్తారు. గిన్నె కాల్చి, నవసాగరం చల్లి, తగరం ముక్క రాసి, దూదితో ఒక్క ఊపున తుడిచేసరికి లోపలంతా వెండిలా మెరిసేది. మా చిన్నప్పుడు ఆ పని వీధి అరుగు ముందే జరిగేది, పిల్లలందరం చుట్టూ చేరేవాళ్ళం. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, ఖాళీ గిన్నె పొయ్యి మీద మర్చిపోతే కళాయి పోయినట్టే. ఇప్పుడు కళాయి వేసేవాళ్ళను వెతుక్కోవాలి. కళాయి వేయించే దారి లేకపోతే ఇత్తడి గిన్నె వంటపాత్ర కాదు, జ్ఞాపకం. జ్ఞాపకానికి ఒకటి చాలని ఒప్పుకుని, మూడు గుండిగలు తూకానికి వేశాం.

రాచ్చిప్పను నేను వద్దన్నాను. బరువు, పగులుతుందేమోనన్న భయం. అమ్మ మాట్లాడకుండా దాన్లో ముక్కల పులుసు పెట్టి, పొయ్యి మీంచి దించి నా ముందు పెట్టింది. దించాక కూడా చాలాసేపు తుకతుకా ఉడుకుతూనే ఉంది. బలపపు రాయి వేడిని అంత తేలిగ్గా వదలదు. మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు నేను.

ఈ మూడు రోజుల ఏరివేతలో నాకు కొత్తగా తెలిసినదల్లా పట్టకార గురించి. సామానంతా రెండు గుట్టలు చేశాక ఒక విషయం కంటపడింది. నేను గత పదేళ్ళలో కొన్నవాటికి పిడులున్నాయి. అమ్మవాటికి లేవు. అమ్మ గిన్నెలు పన్నెండు ఒకదాంట్లో ఒకటి దూరి ఒకే దొంతిగా నిలబడ్డాయి, అన్నింటికన్నా పెద్ద గిన్నె ఆక్రమించిన చోటే మొత్తానికి సరిపోయింది. నా సాస్‌పాన్లు నాలుగూ నాలుగు వైపులకు పిడులు చాచుకుని, అమ్మ పన్నెండింటికన్నా ఎక్కువ చోటు తిన్నాయి. చోటు తినేది లోహం కాదు, గిన్నె కడుపులోని ఖాళీ, పక్కకు పొడుచుకొచ్చిన పిడి. ఆ ఖాళీలో ఇంకో గిన్నె దూరితే చోటు మిగులుతుంది. పిడి దూరనివ్వదు.

మరి వేడి గిన్నెను పట్టుకునేది ఎలా? ఒక్క పట్టకారతో. పన్నెండు గిన్నెలకు పన్నెండు పిడులు బిగించే బదులు, పిడిని విడదీసి ఒక్కటే చేసి, ఏ గిన్నెకు కావాలంటే దానికి తగిలించుకోవడం. ఇంత మంచి ఆలోచన ఎవరు చేశారోగాని రోజూ చేతిలో ఉంటే మనం చూడం. గిన్నె అంచు బయటికి వంగి ఉండేది అందంకోసం కాదు, పట్టకార నోటికి దొరకడానికి. పిడి స్క్రూ వదులవడం, ప్లాస్టిక్ పిడి మంట తగిలి కరగడం, ఇవేవీ లేవు. మూతల సంగతీ అంతే. బొడిపె ఉన్న మూత దొంతిలో కూర్చోదు. పల్చటి పళ్ళేలైతే మూతలుగా వాడుకోవచ్చు, వడ్డించుకోవచ్చు, నాలుగు పళ్ళేలు అంగుళం ఎత్తులో ఇమిడిపోతాయి.

దీనికి జాగ్రత్తలూ ఉన్నాయి. పట్టకార కీలు దగ్గర రివెట్టు అరిగితే పట్టు జారుతుంది, గిన్నె వొంపుకుని ఒళ్ళు కాలిన ఇళ్ళు ఎన్నో. వదులైన పట్టకారను దాచుకోవద్దు, అది చౌక వస్తువు. మూడు లీటర్లు దాటిన గిన్నెను పట్టకారతో లేపకూడదు, రెండు చేతులా మసిగుడ్డలతో దించాలి. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకు రెండు చెవులున్న గిన్నె మేలు. చెవులు పొట్టిగా ఉంటాయి కాబట్టి అరలో మరీ అడ్డం రావు. నా సాస్‌పాన్లలో టీకి ఒకటి ఉంచుకున్నాను, మిగతా మూడూ వెళ్ళాయి.

చోటు గురించి ఇలా లెక్కలు వేసుకున్నది మనమే కాదు. 1926లో మార్గరేటె ష్యూట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న కార్మికుల ఇళ్ళకు ఒక వంటిల్లు గీసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, అంటే 70 చదరపు అడుగులు. రైలు భోజనశాల పెట్టెలో వంటవాళ్ళు అంత ఇరుకులో అంతమందికి ఎలా వండుతున్నారో గమనించి గీసింది. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. ఇవాళ మన ఫ్లాట్లలో మాడ్యులర్ కిచెన్ అని బిగిస్తున్నదానికి ముత్తవ్వ అది. అయితే మాడ్యులర్ వాళ్ళు ఇచ్చే తీగ ట్రేల్లో పళ్ళేలకూ కప్పులకూ గూళ్ళుంటాయి, దొంతికి మాత్రం ఉండదు. మేం ఒక ట్రే పీకించి మామూలు చెక్క అర వేయించుకున్నాం.

గోడకు వేలాడేవాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పప్పుగుత్తి, కవ్వం, అట్లకాడ, చిల్లుల గరిటె, జల్లెడ: సన్నగా ఉన్నవి మేకుకు వేలాడతాయి, చోటు అడగవు. మిక్సీ ఉంటే పప్పుగుత్తి ఎందుకని అడిగితే అద్దె లేదు కనుక అని చెప్తాను. కత్తిపీటను మాత్రం వదులుకున్నాం. కింద కూర్చుని వాడే వస్తువది, మా వంటింట్లో కింద కూర్చుంటే రెండో మనిషి లోపలికి రాలేదు, అమ్మ మోకాళ్ళూ ఒప్పుకోవు. కొబ్బరి కోరు దానికే ఉండేది. చేతికోరు ఒకటి కొన్నాం.

ఇక అరుదుగా వాడేవి. వీటిని ఇరుగుపొరుగుతో పంచుకోవచ్చని నేను హుషారుగా ప్రతిపాదించాను. మా అపార్ట్‌మెంటులో ఇరవై నాలుగు ఫ్లాట్లు, ఇరవై నాలుగు జంతికల గొట్టాలు ఎందుకు, నాలుగు చాలవా అని. అమ్మ నవ్వింది. "భోగికి ముందు వారం అందరూ జంతికలే చేస్తారు. అప్పుడెవరిస్తారే?" నిజంగానే నా లెక్క అక్కడ తప్పింది. అందరికీ ఒకే వారంలో కావలసిన వస్తువు అరువుకు పనికిరాదు. ఒక్కొక్కరికి ఒక్కొక్కప్పుడు కావలసినదే అరువుకు మంచిది. పుట్టినరోజుకు కేకు అచ్చు, బారసాలకు పెద్ద గుండిగ ఆ రకం. యాభై మందికి వండే రోజున గుండిగలూ గరిటెలూ టెంట్ హౌస్‌లో అద్దెకు దొరుకుతాయి, కాబట్టి ఆ సైజు గిన్నె ఇంట్లో ఒక్కటీ అక్కర్లేదు. జంతికల గొట్టం, అరిసెల చెక్కలు, గవ్వల చెక్క మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లే దిగినా ఇంకో వస్తువు ఆ పని చెయ్యదు, చిన్నవి, తేలిక. పాత దిండు గలీబులో మూడూ కలిపి కట్టి అటక మీదకి. రెండు గొట్టాల్లో బిళ్ళలు పూర్తిగా ఉన్నదాన్నే ఉంచాం.

మామిడికాయలు కొట్టే పెద్ద కత్తి వదిలేశాం. ఆవకాయ రోజుల్లో కాయలు కొన్నచోటే ముక్కలు కొట్టి ఇస్తున్నారు. అమ్మకు వాళ్ళు జీడి సరిగ్గా తియ్యరని అనుమానం, నిలబడి చూసుకుంటుంది. ఐదు కిలోల జాడీ కూడా వెళ్ళింది. దాని బదులు చిన్న జాడీలు మూడు: ఒకటి వాడుతుంటే రెండు వాసెన కట్టి ఉంటాయి, మాటిమాటికీ మూత తీసి తడి గరిటె తగిలే ప్రమాదం ఒక్కదానికే. పింగాణీ కాబట్టి ఉప్పుకూ పులుపుకూ లొంగదు. గాజు సీసాలూ ఆ పని చేస్తాయి, వెలుతురు తగలని చోట పెట్టాలంతే.

పెట్టె విప్పని టోస్టరు గురించి ఒక్క మాట. ఖర్చు పెట్టి కొన్నాం కదా అని, లేక ఎవరో ఇచ్చారు కదా అని ఉంచుకునే వస్తువులు చాలా ఇళ్ళల్లో సగం అరను మింగుతాయి. పెట్టిన డబ్బు అప్పుడే పోయింది, వస్తువు ఇంట్లో ఉన్నంత మాత్రాన తిరిగి రాదు. పెట్టె విప్పనప్పుడే ఇంకొకరికి ఇస్తే అది వాళ్ళకైనా కొత్త వస్తువు. ఆ టోస్టరు మా పనమ్మాయి కూతురి హాస్టలు గదికి వెళ్ళింది. అక్కడ దానికి మెయిన్ రోడ్డు చోటు దొరికిందట.

చివరకు మిగిలినవి పేర్లు కొట్టించిన స్టీలు గిన్నెలు. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ చదివింపులుగా వచ్చినవి, అంచు కింద చుక్కల అక్షరాలతో పేరూ తేదీ. ఇక్కడ నా అద్దె లెక్కా కడుగుడు లెక్కా అమ్మ ముందు చెల్లలేదు. ఒక్కొక్క గిన్నె తిప్పి చూసి ఇది మీ మేనత్తది, ఇది పక్కింటి మామ్మగారిది అని చెప్పుకుంటూ పోయింది. నలభై ఒక్క గిన్నెలు. మధ్యాహ్నమంతా పట్టింది. సాయంత్రానికి ఆవిడే ఒక దారి కనిపెట్టింది: ఎవరి పేరున్న గిన్నె వాళ్ళ పిల్లలకే తిరిగి ఇచ్చెయ్యడం. మేనత్త గిన్నె మేనత్త కోడలికి, అలా. ఇరవై ఆరు గిన్నెలకు చిరునామాలు దొరికాయి. అందుకున్నవాళ్ళలో ఒకావిడ ఫోను చేసి చాలాసేపు ఏడ్చింది, వాళ్ళమ్మ పేరున్న వస్తువు వాళ్ళింట్లో ఇంకోటి లేదట.

మిగతావాటిలో దొంతిలో ఇమిడేవి ఏడు ఉంచాం. అన్నింటికన్నా చిన్నదాని మీద చి.ల.సౌ. వరకే కనిపిస్తుంది, ఆ పక్క పేరు తోమి తోమి అరిగిపోయింది. ఎవరిచ్చారో అమ్మకు గుర్తు లేదు. ఇప్పుడది పప్పుల డబ్బాలో ఉంటోంది. దాన్నిండా మినప్పప్పు నానబోస్తే, అదే గిన్నెతో రెండు గిన్నెల ఇడ్లీరవ్వ. ముగ్గురికి రెండు పూటలకు వస్తుంది.